ముడి వేసిన ఎర్ర వైరు ముక్క

త్సోనక్క ఇంటి తలుపు మీద కొత్త కాగితం అంటించి ఉంది. ఆవిడ పోయి ఇవాళ నలభయ్యో రోజు కదా. చుట్టూ నల్ల గీత, మధ్యలో ఆవిడ ఫోటో, కింద "నలభై రోజులు, నువ్వు లేకుండా" అని రెండు ముక్కలు. జిగురు ఇంకా తడి ఆరలేదు. వెల్కో పనిముట్ల సంచీ ఒక భుజం మీంచి రెండో భుజానికి మార్చుకుని, దాని వంక చూడకుండా లోపలికి పోదామనే అనుకున్నాడు. కానీ తెలుపు నలుపు ఫోటోలో ఆవిడ బుగ్గలు రెండూ లేత గులాబీ రంగులో ఉన్నాయి. ఎవరో పిల్లలు రంగు పెన్సిలు రుద్ది ఉంటారనుకున్నాడు. వేలితో తుడిచి చూశాడు. పోలేదు.

"ఏం చూస్తున్నావురా అక్కడ? ఇటు రా," అని పెరట్లోంచి కేకేశాడు మిన్చో.

మిన్చో త్సోనక్క తమ్ముడు. వయసు యాభై ఎనిమిదే గానీ ఈ నలభై రోజుల్లో డెబ్బై ఏళ్ళవాడిలా వడిలిపోయాడు. గడ్డం గీసుకోలేదు. కోటు బొత్తాలు ఒకటి కింద ఒకటి తప్పి పెట్టుకున్నాడు. చేతిలో పెద్ద పళ్ళెం, దాన్నిండా ఉడికించిన గోధుమలు, పైన చక్కెర, అక్రోటు పలుకులు. పోయినవాళ్ళ పేరు మీద పంచే గోధుమలు. పళ్ళెం నిండుగానే ఉందంటే ఎవరూ ముట్టుకోలేదన్నమాట.

"కరెంటు మీటరు పీకేసి నెల దాటింది," అన్నాడు మిన్చో గొంతు తగ్గించి. "సీలు వేసి మరీ పోయారు. అయినా పొద్దున్నుంచి కింద ఆ బాయిలర్ మూలుగుతూనే ఉందిరా. గోధుమలకి వచ్చినవాళ్ళంతా ఆ చప్పుడు విని గుమ్మం దగ్గర్నుంచే వెనక్కి తిరిగారు."

"గాలి అయ్యుంటుంది అన్నా. పొగగొట్టంలో గాలి దూరితే ఒక్కోసారి ఫ్యాను దానంతటదే తిరుగుతుంది."

"గాలా? అదిగో, ఎదురింటి పొగ చూడు."

వెల్కో చూశాడు. ఎదురింటి కప్పు మీంచి పొగ కర్ర నిలబెట్టినట్టు నిటారుగా లేస్తోంది. కొమ్మల మీది మంచు రేణువు కూడా కదలడం లేదు.

అసలు వెల్కో ఈ ఇంటికి రాకూడదనే అనుకున్నాడు. ఫోన్లో "ఒంట్లో బాగాలేదన్నా" అనేద్దామని నోటిదాకా వచ్చింది కూడా. కానీ రానంటే అనుమానం రాదూ? పైగా ఆ బాయిలర్‌లో తన చెయ్యి పడిన గుర్తు ఏదైనా మిగిలిందేమోనని నలభై రోజులుగా అదే ఆలోచన. సోమవారం కోర్టు. అక్క ఇంటి పొగగొట్టం శుభ్రం చెయ్యక ఆవిడ చావుకి కారణమయ్యాడని మిన్చో మీద కేసు. మూడేళ్ళు జైలంటున్నారు. ఆ కేసు నిలబడింది ఒకే ఒక్క కాగితం మీద. "విద్యుత్ భాగాలలో ఎటువంటి లోపమూ లేదు. పొగగొట్టం పూడిపోవడమే కారణం." కింద వెల్కో సంతకం.

ఇక జరిగింది చెప్పేస్తాను, దాచి లాభమేముంది?

జనవరి ఆరున త్సోనక్క వెల్కోకి ఫోన్ చేసింది. బాయిలర్ అంటుకున్నట్టే అంటుకుని ఆరిపోతోందట. వెల్కో వచ్చాడు. రంపప్పొట్టు గుళికలు మండించి ఇల్లంతా వెచ్చబెట్టే బాయిలర్ అది. ఇలాంటివి ఊళ్ళో సగం ఇళ్ళల్లో అతను పెట్టినవే. మూత తీసి, టెస్టర్ పెట్టి, పావుగంటలో తప్పెక్కడుందో పట్టేశాడు. పొగగొట్టం పొగని సరిగ్గా పీల్చుకుంటోందో లేదో కనిపెట్టే చిన్న గుండ్రటి స్విచ్ ఒకటుంటుంది. పీల్పు లేకపోతే అది తెరుచుకుని మంట ఆపేస్తుంది. ఆ రోజు అది చేసిన పని అదే. పొగగొట్టంలో ఇటుక ఒకటి జారి అడ్డం పడింది. స్విచ్ ఆ నిజాన్నే చెప్పింది. పైకెక్కి చూస్తే తెలిసేది. కానీ చీకటి పడుతోంది, మంచు పడుతోంది, మర్నాడు ఇవాన్ అని పేరున్నవాళ్ళందరి పండుగ, బావమరిది పేరు ఇవాన్. పంది మాంసం, రేగుపళ్ళ సారా, బాజా... ఎవడెక్కుతాడు కప్పు?

"స్విచ్ పాడైంది అక్కా. కొత్తది తెప్పించాలి. అందాకా దాన్ని తప్పించి వైరు కలిపేస్తాను," అన్నాడు.

"ఏం ప్రమాదం లేదుగా వెల్కో?"

"రెండు రోజులకేం కాదక్కా."

ఈ పనివాళ్ళందరి పై జేబులోనూ ఉంటాయి అలాంటి వైరు ముక్కలు. వెల్కోవి పాత ఇస్త్రీపెట్టె తీగ నుంచి కోసిన ఎర్రవి. తాత్కాలికమని మర్చిపోకుండా మధ్యలో చిన్న ముడి వేస్తాడు. పెద్ద జాగ్రత్తపరుడు మరి! ఆ ముడి వేసిన ముక్కతో స్విచ్ నోరు కట్టేసి, త్సోనక్క పెట్టిన గుమ్మడికాయ రొట్టె తిని, మూతి తుడుచుకుని వెళ్ళిపోయాడు. ఎనిమిదో తారీఖు పొద్దున్న ఆవిడ కుర్చీలోనే చనిపోయి కనిపించింది. ఒళ్ళో సగం అల్లిన మేజోడు. బుగ్గలు పెళ్ళికూతురి బుగ్గల్లా గులాబీ రంగులో. విషపు గాలి పీల్చి పోయినవాళ్ళు అలాగే ఉంటారట.

బాయిలర్ గురించి తెలిసినవాడని పోలీసులు వెల్కోనే పిలిపించారు. నేలమాళిగలోకి వాళ్ళకంటే ముందు దిగినవాడూ అతనే. వాళ్ళు మెట్లు దిగేలోపు ఎర్ర ముక్కని పీకి జేబులో వేసుకున్నాడు. ఆ సాయంత్రం వంతెన మీద నిలబడి నదిలోకి విసిరేశాడు. అది నీళ్ళలో పడటం కళ్ళారా చూశాడు.

"అన్నా, నువ్విక్కడే ఉండు. చూసి వస్తాను," అన్నాడు వెల్కో.

"రమ్మన్నా నేను రాను," అన్నాడు మిన్చో.

నేలమాళిగ మెట్లు పన్నెండు. తలకి కట్టుకున్న దీపం వెలిగించి దిగాడు. ఎప్పుడూ ఉండే వాసనలే. మూల క్యాబేజీ ఊరబెట్టిన పీపా పుల్లటి వాసన, అటక మీద ఎండు రేగుపళ్ళ తీపి వాసన, తడి సున్నం, మసి. నిజం చెప్పాలంటే ఆ వాసనలకి ప్రాణం కాస్త కుదుటపడింది. మధ్యలో బాయిలర్, నల్లగా, చల్లగా. దాని పక్కన గుళికల తొట్టి ఖాళీ. మిన్చో ఎప్పుడో ఊడ్చేశాడు.

ఫ్యాను తిరుగుతోంది.

మెల్లగా... ఊపిరి పీల్చి వదులుతున్నట్టు ఆగి ఆగి తిరుగుతోంది.

వెల్కో పెదాలు తడుపుకున్నాడు. "బ్యాటరీ ఏదో మిగిలి ఉంటుంది," అని పైకే అనుకున్నాడు. ఇలాంటి బాయిలర్‌లో బ్యాటరీ ఉండదని అతనికి తెలియక కాదు. మూత మరలు విప్పాడు. టెస్టర్ తీసి కరెంటు వచ్చే చోట రెండు సూదులూ ఆనించాడు. సున్నా. వేరే చోట ఆనించాడు. సున్నా. పంపు దగ్గర సున్నా, మంట రాజేసే కడ్డీ దగ్గర సున్నా. ఫ్యానుకి వెళ్ళే తీగల మీద కూడా సున్నాయే. కళ్ళ ముందు ఫ్యాను తిరుగుతూనే ఉంది.

అప్పుడు దీపం వెలుగు పొగగొట్టం స్విచ్ మీద పడింది.

ఎర్ర వైరు ముక్క. మధ్యలో చిన్న ముడి.

పై ప్రాణాలు పైనే పోయాయి. చాలాసేపు దాన్ని ముట్టుకోలేదు. తర్వాత పళ్ళు బిగించి మరలు వదులు చేసి లాగేశాడు. తడిగా ఉంది. నది ఒడ్డు బురద వాసన కొట్టింది. పై జేబులో కుక్కుకున్నాడు.

టక్.

చప్పుడు పైనుంచి వచ్చింది. త్సోనక్క కూర్చునే గదిలోంచి. ఆ చప్పుడు అతనికి నిద్రలో కూడా తెలుస్తుంది. గోడకి ఉండే వేడి మీటని తిప్పితే వచ్చే చప్పుడది. ఎవరో వేడి కావాలని అడుగుతున్నారు.

"మిన్చో అన్నా! పైన మీట ముట్టుకున్నావా?"

"నేను పెరట్లోనే ఉన్నానురా!" నేలమాళిగ కిటికీ అవతల మిన్చో బూట్లు కనిపించాయి, మంచులో కదలకుండా.

టక్. మళ్ళీ టక్. ఎవరో మీటని ఒక్కో గీతే పైకి జరుపుతున్నారు. ఇరవై రెండు... ఇరవై నాలుగు... ఇరవై ఆరు. త్సోనక్క ఎప్పుడూ ఇరవై ఆరులోనే పెట్టుకునేది. "ఎముకల్లో చలిరా వెల్కో" అనేది.

వెల్కో సంచీ సర్దడం మొదలెట్టాడు. ఇంక చాలు. ఎలుకలు కొరికాయని చెప్పి బయటపడితే సరి. స్క్రూడ్రైవర్ సంచీలో పడేశాడు. అప్పుడు గమనించాడు. క్యాబేజీ వాసన రావడం లేదు.

పీపా అక్కడే ఉంది. వాసన లేదు. రేగుపళ్ళ వాసన లేదు. సున్నం లేదు, మసి లేదు. ముక్కు దగ్గరికి చెయ్యి తెచ్చుకుని చూశాడు. బురద వాసన కూడా పోయింది. కణతల్లో చిన్నగా పోటు మొదలైంది. ఆ విషపు గాలికి వాసన ఉండదు. ఈ సంగతి కొత్తగా బాయిలర్ కొన్న ప్రతి ఇంట్లోనూ అతనే చెప్పేవాడు, వేలు చూపించి మరీ.

బాయిలర్ చిన్న గాజు కిటికీలో ఎర్రగా వెలుగు కనిపించింది. ఖాళీ పొయ్యిలో.

పరిగెత్తాడు. పన్నెండు మెట్లు ఎక్కి తలుపు తోశాడు. కదల్లేదు. భుజంతో గుద్దాడు. కదల్లేదు.

"అన్నా! తలుపు! తలుపు తియ్యి!"

కిటికీ అవతల బూట్లు అలాగే ఉన్నాయి. మిన్చోకి వినబడలేదు. కళ్ళు తిరిగి మెట్ల మీద జారుకుంటూ కిందికొచ్చి పడ్డాడు. పడ్డచోటి నుంచి తలెత్తి చూస్తే ఎర్ర ముక్క మళ్ళీ స్విచ్ మీద ఉంది. చెయ్యి జేబులో పెట్టాడు. జేబు ఖాళీ.

కింద పడ్డ టెస్టర్ ఒక్కసారి "కీ" మంది.

తీగ తెగిందో లేదో చూడటానికి దానికో కూత ఉంటుంది. రెండు సూదులూ ఒకదానికొకటి తగిలితే కూస్తుంది. ఆ సూదులు ఇప్పుడు నేల మీద చెరో వైపు పడి ఉన్నాయి, మధ్యలో మూరెడు ఖాళీ.

వెల్కో గుసగుసగా అడిగాడు. "త్సోనక్కా... నువ్వేనా?"

కీ.

"నేను కావాలని చెయ్యలేదక్కా. నా మీద ఒట్టు..."

చప్పుడు లేదు. ఫ్యాను ఊపిరి మాత్రం.

"భయపడ్డానక్కా. నా పని పోతుందని... జైల్లో వేస్తారని..."

చప్పుడు లేదు. కణతల పోటు కళ్ళలోకి పాకింది. నాలుక బరువెక్కింది. పైన ఎవరో కుర్చీలోంచి లేచారు. నేల చెక్కలు కిర్రుమన్నాయి. ఒక్కో అడుగు... గదిలోంచి నడవలోకి... నడవలోంచి నేలమాళిగ తలుపు దాకా. తలుపు తెరుచుకోలేదు. కానీ ఆ అడుగులు మెట్లు దిగాయి. పన్నెండూ లెక్కపెట్టాడు. చివరి మెట్టు దగ్గర ఆగాయి.

చెవి పక్కనే, ఉన్ని బట్టల వెచ్చదనంతో, ఎంతో మెత్తగా ఎవరో అన్నారు.

"రెండు రోజులకేం కాదు వెల్కో."

అతను ఏడ్చాడు. సిగ్గు విడిచి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "చెప్తానక్కా! మిన్చోకి చెప్తాను. పోలీసులకి చెప్తాను. నన్నొదిలెయ్యి... ఆ పాపం మిన్చోది కాదు, నాదే..."

కీ... అని టెస్టర్ గుక్క తిప్పుకోకుండా కూసింది. పైన తలుపు దానంతటదే తెరుచుకుంది.

*

పెరట్లో మంచు మీద బోర్లా పడి గాలి మింగుతున్న వెల్కోని మిన్చో లేవదీశాడు. "ఏమైందిరా? ముఖం చూడు ఎలా కందిపోయిందో! నేనెన్నిసార్లు పిలిచాను, పలకవేం?"

చల్లగాలి తగిలింది. ఒక ఊపిరి, రెండు, మూడు. క్యాబేజీ వాసన మళ్ళీ ముక్కుకి తెలిసింది. కింద ఫ్యాను ఆగిపోయింది. ఎదురింటి పొగ నిటారుగా లేస్తూనే ఉంది. లోకం ఎప్పటిలాగే ఉంది. అలా ఉండేసరికి మనిషి బుద్ధి చూడండి, వెనక్కి పాకింది. కింద ఏం జరిగిందని? మసి పీల్చి కళ్ళు తిరిగాయి, అంతే. ఎవరు నమ్ముతారు? సోమవారం ఇంకా మూడు రోజులుంది కదా.

"వైరింగులో ఏముందిరా?" అన్నాడు మిన్చో. ఆ కళ్ళల్లో ఆశ ఉంది. ఏదో ఒకటి దొరకాలని, ఏదో ఒకటి తన మీది నింద తుడిచెయ్యాలని.

వెల్కో నీళ్ళు నమిలాడు. "ఏం లేదన్నా... ఎలుకలు కొరికాయి."

మిన్చో ముఖం వాడిపోయింది. లోపల గుమ్మం దగ్గర బల్ల మీద పెట్టిన పళ్ళెం తెచ్చి చెంచా అందించాడు. "పోనీలే. నువ్వైనా తిను. పొద్దున్నుంచి ఒక్కరూ తినలేదు. అక్క పేరు మీద."

అలాంటప్పుడు తీసుకున్నవాడు అనాల్సిన మాట ఒకటుంది. "దేవుడు మన్నించుగాక." పోయినవాళ్ళకి తప్ప బతికున్నవాళ్ళకి ఆ మాట ఎవరూ అనరు. వెల్కో అందామని నోరు తెరిచాడు. కానీ ఆ మాట అనకుండానే, సిగ్గు కప్పిపుచ్చుకోడానికి చెంచాడు గోధుమలు నోట్లో వేసుకుని నమిలాడు.

పంటి కింద గట్టిగా ఏదో తగిలింది.

అక్రోటు పెంకు అనుకున్నాడు. అరచేతిలోకి ఉమ్మాడు. చక్కెర అంటిన ఎర్ర వైరు ముక్క. మధ్యలో చిన్న ముడి.

"ఏంటిరా అది? గోధుమలు నేనే కడిగాను, నేనే ఉడికించాను. అందులో వైరెలా వచ్చింది?"

వెల్కో కాళ్ళు మంచులోకి మడత పడ్డాయి. మోకాళ్ళ మీదే ఉండి అంతా చెప్పాడు. ఆరో తారీఖు, స్విచ్, ముడి, బావమరిది పండుగ, ఎనిమిదో తారీఖు పొద్దున్న జేబులో వేసుకోవడం, వంతెన, సంతకం. ఏదీ మిగల్చలేదు. చెప్తున్నంతసేపూ మిన్చో చేతిలోని పళ్ళెం ఒక పక్కకి ఒరుగుతూ పోయింది. గోధుమలు ఒక్కొక్కటే మంచు మీద రాలాయి.

కొడతాడనుకున్నాడు వెల్కో. కొడితే బాగుండుననిపించింది.

"నలభై రోజులు," అన్నాడు మిన్చో. "నలభై రోజులు ఈ చేతుల వంకే చూసుకున్నానురా. అక్టోబర్లో పొగగొట్టంలోకి బ్రష్షు సరిగ్గా దించానా లేదా, దించానా లేదా అని. అక్కని నేనే చంపేశానని రోజూ ఏడ్చాను. నువ్వు వచ్చి నా పక్కనే నిలబడి కొవ్వొత్తి వెలిగించావు. సమాధి దగ్గర నా భుజం తట్టావు."

"అన్నా..."

"అన్నా అనకు. లే. ఇప్పుడే పోదాం."

వెల్కో లేచాడు. వీధి తలుపు దాటుతూ కాగితం వంక చూశాడు. ఫోటోలో త్సోనక్క బుగ్గలు మామూలుగా ఉన్నాయి. బూడిద రంగులో, ముసలి బుగ్గలు. గులాబీ రంగు ఎక్కడా లేదు. వెల్కో గుండెల మీంచి పెద్ద బండ దిగినట్టయింది. తీరిందన్నమాట. ఆవిడకి కావలసింది చెప్పేశాడు, ఆవిడ వెళ్ళిపోయింది. జైలైనా సరే, ఈ రాత్రి నిద్ర పడుతుంది.

పోలీస్ స్టేషన్ వంతెన అవతలే. దెనీత్సా అనే అధికారిణి ఒక్కతే ఉంది లోపల. అప్పుడే పొయ్యి మీంచి దించిన కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టుకుని, వెల్కో చెప్పిందంతా విన్నది. రెండున్నర పేజీలు రాయించింది. ఎర్ర ముక్కని కవర్లో వేసి సీలు పెట్టింది. వెల్కో ప్రతి పేజీ కింద సంతకం చేశాడు.

"మీ మీద కేసు ఇంక నిలవదు," అంది ఆవిడ మిన్చోతో. మిన్చో టోపీతో ముఖం కప్పుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

"గుర్తింపు కార్డు ఇవ్వండి," అంది వెల్కోతో.

ఇచ్చాడు. ఆవిడ నంబరు రాసుకోబోయి ఆగింది. కార్డుని దీపం కిందికి జరిపింది. బొటనవేలితో రుద్దింది. గోటితో గీకింది. మళ్ళీ రుద్దింది.

"ఇదేంటండీ, నలుపు తెలుపు ఫోటోకి రంగు పూశారు? ఇది పోవట్లేదు."

బల్ల మీద తనవైపు తిప్పిన కార్డు వంక వెల్కో చూశాడు. బూడిద రంగు ముఖం. బుగ్గలు మాత్రం రెండూ లేత గులాబీ.

మిన్చో కూడా వంగి చూశాడు. కుర్చీలో పోయిన అక్క బుగ్గల మీది రంగు అదే; కార్డు వైపు చాపిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. చేతిలోని టోపీ గుండెలకి ఆనించుకున్నాడు. ఎవరి వంకా చూడకుండా, చాలా నెమ్మదిగా అన్నాడు.

"దేవుడు మన్నించుగాక."

"ఎవరినండీ?" అంది దెనీత్సా. మిన్చో కార్డుని బోర్లా తిప్పి పెట్టాడు.

వెల్కో కణతల్లో చిన్నగా పోటు మొదలైంది. బల్ల మీద గ్లాసు అతనికి జానెడు దూరంలోనే ఉంది, పొగలు పైకి లేస్తున్నాయి. గట్టిగా ఊపిరి పీల్చాడు. మళ్ళీ పీల్చాడు.

కాఫీ వాసన రాలేదు.